చేర్చి తీరాలన్న చట్టం, అక్కర్లేదన్న సర్కారు: బ్రిటన్‌లో పనిచోట కుల వివక్ష

బ్రిటన్‌లో పనిచోట కులం పేరుతో అవమానిస్తే ఏ చట్టం కింద కేసు వేయాలి? అక్కడి పార్లమెంటు 2013లోనే దీనికి జవాబు చెప్పింది. ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, ఆ జవాబును 2018లో ప్రభుత్వం పక్కన పెట్టింది. చదువుకో, కొలువుకో మన రెండు రాష్ట్రాల నుంచి అక్కడికి వెళ్లే దళిత, ఆదివాసీ పిల్లలకు ఈ కథ తెలిసి ఉండాలని మేం అనుకుంటున్నాం.

ముందు చట్టం సంగతి. సమానత్వ చట్టం, 2010లోని 9వ సెక్షన్ 'జాతి' అంటే ఏమిటో చెబుతుంది. రంగు, జాతీయత, ఎత్నిక్ లేదా దేశ మూలాలు అందులోకి వస్తాయి. కులం అన్న మాట లేదు. అయితే అదే సెక్షన్‌లోని 5వ క్లాజు, మంత్రి ఉత్తర్వు ద్వారా కులాన్ని చేర్చవచ్చు అంది. అదే ఏడాది డిసెంబరులో, ప్రభుత్వమే చేయించిన ఒక అధ్యయనం బయటికొచ్చింది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అండ్ సోషల్ రీసెర్చ్ పరిశోధకులు ఉద్యోగాల్లో, సేవల్లో కుల వివక్ష, వేధింపుల ఆధారాలు కనిపించాయని రాశారు. అయినా మంత్రులు కదల్లేదు. దాంతో 2013 ఏప్రిల్‌లో ఎగువ సభ పట్టుబట్టింది. లార్డ్ హారీస్ తెచ్చిన సవరణను దిగువ సభ తిరస్కరించినా ఎగువ సభ వెనక్కి తగ్గలేదు, చివరికి ప్రభుత్వమే దిగివచ్చింది. 'చేర్చవచ్చు' అన్నది 'చేర్చి తీరాలి' అయింది. ఇంగ్లీషులో 'మే' తీసి 'మస్ట్' పెట్టారు, అంతే. ఆ ఒక్క మాట కోసం అక్కడి దళిత సంఘాలు ఏళ్ల తరబడి తిరిగాయి.

ఉత్తర్వు మాత్రం రాలేదు. 2016లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ కూడా ఆ క్లాజును వాడమని బ్రిటన్‌కు చెప్పింది.

ఈలోగా ఒక ఇంటి పనిమనిషి కేసు దారి తెరిచింది. 'టిర్కీ వర్సెస్ ఛాందోక్'గా పేరుపడ్డ ఈ కేసు వేసిన మహిళ మన దేశం నుంచి వెళ్లిన ఆదివాసీ క్రైస్తవురాలు. రోజుకు 18 గంటలు, వారానికి 7 రోజులు పని. నేల మీద పరుపే మంచం. కూలి లెక్క గడితే గంటకు 11 పెన్నీలు. కులం చట్టంలో లేదు కాబట్టి ఆ ఆరోపణను కొట్టేయాలని యజమానులు వాదించారు. 2014 డిసెంబరులో ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. 'ఎత్నిక్ మూలాలు' అన్నది విశాలమైన మాట, అందులో పుట్టుక, వంశం కూడా ఉంటాయి కాబట్టి, వాస్తవాలను బట్టి కొన్ని కుల కేసులు అందులో ఇమడవచ్చు అంది. 2015 సెప్టెంబరులో ట్రిబ్యునల్ ఆమెకు రావాల్సిన కనీస వేతన బకాయి కిందే 1,83,773 పౌండ్లు ఇవ్వమంది.

తీర్పు గొప్పదే. కానీ 'వాస్తవాలను బట్టి', 'ఇమడవచ్చు' అన్న మాటల దగ్గర కాసేపు ఆగాలి. ప్రభుత్వం పట్టుకున్నది వాటినే.

2017 మార్చి 28న ప్రభుత్వం ప్రజాభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. ఎన్నికలు రావడంతో గడువును సెప్టెంబరు 18 వరకు పొడిగించింది. జనం ముందు రెండు దారులు పెట్టింది: పార్లమెంటు చెప్పినట్టు కులాన్ని చట్టంలో చేర్చడం, లేదా కోర్టు తీర్పుల మీద ఆధారపడటం. అప్పటికే చట్టం విధించిన బాధ్యతను రెండు ఐచ్ఛికాల్లో ఒకటిగా మార్చడం మామూలు విషయం కాదు. 16,000కు పైగా స్పందనలొచ్చాయి. సగానికి పైగా తీర్పులు చాలన్నాయి. 2018 జులై 23న మంత్రి పెన్నీ మోర్డాంట్ ఆ రెండో దారే ఎంచుకుని, వీలు దొరికినప్పుడు 'చేర్చి తీరాలి' అన్న బాధ్యతను రద్దు చేస్తామన్నారు. కుల రక్షణ కావాలా వద్దా అని అందరి చేతులూ లెక్కపెడితే, వివక్షను అనుభవించే కొద్దిమంది ఎప్పటికీ గెలవరు. అభిప్రాయ సేకరణ ఓటింగు కాదని ఏ అధికారిని అడిగినా చెబుతారు. ఇక్కడ మాత్రం అది అలాగే పనిచేసిందని మా అభిప్రాయం.

తీర్పుల మీద ఆధారపడటమంటే భారమంతా కార్మికుల మీద వేయడమే. ఒక ఉదాహరణ ఊహిద్దాం. లండన్‌లోని ఒక ఆఫీసులో తెలుగు మేనేజరు, అతని కింద మాదిగ యువతి. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే జిల్లా, ఒకే రంగు. 'ఇద్దరూ తెలుగువాళ్లే కదా, ఎత్నిక్ తేడా ఎక్కడిది?' అని అవతలి లాయరు అడుగుతాడు. అప్పుడు కులం పుట్టుకతో వస్తుందని, మాదిగ అంటే ఏమిటో, ఇంటిపేరు అడగడం వెనక ఏముందో ఆమే మొదటినుంచీ వివరించాలి. చట్టంలో 'కులం' అన్న మాటుంటే మొదటి వాదన అవసరమే ఉండదు. పైగా అప్పీల్ ట్రిబ్యునల్ తీర్పును పై కోర్టు మార్చవచ్చు. ఖర్చు సంగతీ ఉంది. 2013 జులై నుంచి వివక్ష కేసు విచారణ దాకా వెళ్లాలంటే మొత్తం 1,200 పౌండ్ల ఫీజు ఉండేది. యూనిసన్ కార్మిక సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 జులై 26న దాన్ని కొట్టేసింది. అంటే, తీర్పులు చాలా అని జనాన్ని అడగడం మొదలుపెట్టిన రోజున ఆ తీర్పు కోరడానికే ఫీజు కట్టాలి!

మోర్డాంట్ ప్రకటనలో మరో హామీ ఉంది: రద్దు బిల్లుకు ముందే బాధితులకు, యజమానులకు ఉపయోగపడే చిన్న మార్గదర్శకం ఇస్తామని. మార్గదర్శకాలు పనికిరావని మేం అనం. హెచ్‌ఆర్ విభాగం ఫిర్యాదును పక్కన పడేయకుండా అవి ఆపగలవు. అయితే సమానత్వ, మానవ హక్కుల కమిషన్ జారీచేసే చట్టబద్ధమైన కోడ్‌ను ట్రిబ్యునల్ పరిగణనలోకి తీసుకోవాల్సిందే. మామూలు మార్గదర్శకానికి ఆ బలం లేదు. ఇదే వాదన అమెరికాలోనూ విన్నాం. 2023 అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ కుల వివక్ష బిల్లును వీటో చేస్తూ, ఉన్న చట్టాలే చాలన్నారు.

అక్కడున్న మనవాళ్లు చేయగలిగింది ఇది. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు ఏమన్నారో ఆ రోజే రాసిపెట్టుకోవాలి. వాట్సాప్ మెసేజీలు చెరిపేయకూడదు. యూనియన్‌లో చేరాలి. ఫిర్యాదులో 'కులం' అని మాత్రమే రాసి ఆపకుండా 'జాతి, ఎత్నిక్ మూలాలు' అని కూడా రాయాలి, మతం పేరుతో వేధిస్తే అదీ చేర్చాలి. ట్రిబ్యునల్‌కు వెళ్లేముందు ఏకాస్ అనే సంస్థకు తెలియజేయడం తప్పనిసరి. గడువు చాలాకాలంగా 3 నెలలకు ఒక రోజు తక్కువగా ఉంటూ వచ్చింది. దాన్ని పెంచే మార్పులు జరుగుతున్నాయి కాబట్టి, మీ కేసుకు వర్తించే తేదీని మొదటి ఫోన్‌లోనే ఏకాస్‌ను అడిగి తెలుసుకోండి.