24 డాలర్ల చిల్లర

స్కోరుబోర్డు మీద రెండే అంకెలు. టెక్సస్ 1. స్టాన్‌ఫర్డ్ 0.

2024 జూన్ మొదటి వారం, ఓక్లహోమా సిటీలోని డెవన్ పార్క్. అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌కి ఇదే ఆఖరి మెట్టు. దాదాపు 300 జట్లు ఫిబ్రవరిలో ఆట మొదలుపెడితే, జూన్‌లో ఈ ఎర్రమట్టి తొక్కేవి ఎనిమిదే. స్టాన్‌ఫర్డ్ వరసగా రెండో ఏడు కూడా వచ్చింది. వరసగా రెండో ఏడు కూడా సెమీఫైనల్లోనే ఆగిపోయింది. కిందటేడు ఓక్లహోమా చేతిలో, తొమ్మిది ఇన్నింగ్స్ దాకా పోరాడి. ఈసారి ఒక్క పరుగు తేడాతో. తలలు వంచుకుని డగౌట్లోకి నడుస్తున్న ఆ జట్టులోనే దేశంలోకెల్లా మేటి ప్లేయర్ ఉంది.

పేరు నిజారీ కెనడీ. సొంతూరు కాన్సస్‌లోని టొపీకా. పిచ్చర్. క్రికెట్ పిచ్ పొడవు 66 అడుగులు. ఇక్కడ పిచ్చర్‌కీ హోం ప్లేట్‌కీ మధ్య దూరం 43 అడుగులే. అక్కణ్నుంచి ఆమె చెయ్యి గిర్రున ఒక చుట్టు తిరిగి తుంటి పక్కనుంచి బంతిని వదిలితే, ఆ పసుప్పచ్చ బంతి గంటకు 110 కిలోమీటర్లు దాటిన వేగంతో దూసుకొచ్చి, అది ఎక్కడికొస్తుందో బ్యాటర్ లెక్కగట్టి బ్యాట్ తిప్పేలోపే ఆ బ్యాట్ పైనుంచి వెళ్లి క్యాచర్ గ్లవ్‌లో ఠప్పున పడుతుంది. రైజ్ బాల్ అంటారు దాన్ని. చూసుకుని కొట్టడానికి అర సెకను కూడా దొరకదు. ఆ సీజన్లో 337 స్ట్రైకౌట్లు, అంటే బంతిని కొట్టలేక ఔటైనవాళ్లు. ఆటకి సగటున ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. 0.73. కాలేజీ సాఫ్ట్‌బాల్లో దేశపు మేటి క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే వచ్చింది. అన్నీ ఉన్నాయి. ఒక్కటే కరువు. బ్యాట్.

సాఫ్ట్‌బాల్లో పిచ్చర్ బ్యాటింగ్ చేయాలన్న రూలు లేదు. ఆమె బదులు ఇంకొకరు కొట్టొచ్చు. పిచ్చర్ చెయ్యి బంగారం కదా, దాన్ని కాపాడుకోవాలని చాలామంది కోచ్‌లు అదే చేస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో కెనడీ బ్యాట్ పట్టుకుని నిలబడటం అరుదు. హైస్కూల్లో బంతి వేసిందీ తనే, కొట్టిందీ తనే. ఇప్పుడు ఒక్క పరుగు కావాల్సిన రోజున కూడా వేరేవాళ్లు కొడతారేమోనని డగౌట్లోంచి చూడాలి. ఆ ఆట ముగిసింది. జట్టు కాలిఫోర్నియాకి తిరిగెళ్లింది. జూన్ ఇంకా సగం ఉందో లేదో, ఒక పేరు దేశంలోని కోచ్‌లందరి ఫోన్లనీ ఒక్కసారిగా మోగించింది.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్. చూడటానికి అదొక ఆన్‌లైన్ జాబితా, అంతే. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు అందులో ఎక్కుతాయి. ఎక్కిన క్షణం నుంచి ఏ కోచ్ అయినా ఫోన్ చేయొచ్చు. కానీ వెనకనుంచి ఇంకో తలుపు మూసుకుంటుంది. పేరు పెట్టారంటే పాత కాలేజీకి స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు వస్తుంది. అంటే వదిలేశాక వెనక్కి రావడం మన చేతుల్లో ఉండదు. అదీ స్టాన్‌ఫర్డ్! మన ఇళ్లల్లో పిల్లలెవరైనా స్టాన్‌ఫర్డ్ సీటు వదిలేస్తానంటే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. కెనడీ వదిలేసింది. ఎక్కడికి వెళ్తుందో మాత్రం చెప్పలేదు.

కాలేజీ సాఫ్ట్‌బాల్లో జట్టును ఎంచుకోవడమంటే ర్యాంకు చూసి టిక్కు పెట్టడం కాదు. హెడ్ కోచ్ రేపు ఉంటారా పోతారా, పిచింగ్ కోచ్ పిచ్చర్ చెయ్యి తిప్పే తీరు మార్చాలని చూస్తారా, ఆ రైజ్ బాల్‌ని పట్టగల క్యాచర్ ఉందా, పరుగులు కొట్టేవాళ్లలో ఈ ఏడు డిగ్రీ అయిపోయి వెళ్లిపోయేది ఎవరు, చదివిన రెండేళ్ల కోర్సుల్లో కొత్త యూనివర్సిటీ ఎన్నిటిని లెక్కలోకి తీసుకుంటుంది, అమ్మానాన్నలు కారులో వచ్చి ఆట చూసి వెళ్లగలరా, వారానికి ఎన్ని రాత్రులు విమానాల్లో గడుస్తాయి అని అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని తూకం వేసుకోవాలి. అప్పటిదాకా డివిజన్ వన్ జట్టు మొత్తానికి 12 స్కాలర్‌షిప్‌లే పరిమితి. వాటినే ముక్కలు చేసి 20 మందికి పైగా పంచుకునేవాళ్లు. పూర్తి స్కాలర్‌షిప్ దొరికితేనే అదృష్టం. అంతకు మించి ఒక సాఫ్ట్‌బాల్ అమ్మాయికి ఎవరైనా ఏమిస్తారు?

ఆ ప్రశ్నకి జవాబు ఎవరూ ఊహించని ఊళ్లో తయారవుతోంది.

లబ్బక్. పశ్చిమ టెక్సస్. ఎటు చూసినా బల్లపరుపు నేల. పత్తి చేలు. వసంతం వస్తే గాలి లేస్తుంది. ఆ గాలికి ఎర్రదుమ్ము గోడలా నిలబడి ఊరి మీద పడుతుంది. కళ్లల్లో ఇసుక, పళ్ల మధ్య ఇసుక. అక్కడుంది టెక్సస్ టెక్ యూనివర్సిటీ. ప్యాట్రిక్ మహోమ్స్ ఫుట్‌బాల్ ఆడింది ఇక్కడే. 1993లో షెరిల్ స్వూప్స్ ఒక్క ఫైనల్లోనే 47 పాయింట్లు కొట్టి బాస్కెట్‌బాల్ కప్పు తెచ్చిందీ ఇక్కడికే. సాఫ్ట్‌బాల్ జట్టు మాత్రం అప్పటిదాకా ఒక్కసారీ ఓక్లహోమా సిటీ గడప తొక్కలేదు. ఆ జూన్‌లోనే కొత్త కోచ్ వచ్చారు. జెర్రీ గ్లాస్కో. లూయిజియానాలో పేరు తెచ్చుకున్న మనిషి.

గ్లాస్కో ఇంట్లో సాఫ్ట్‌బాల్ అంటే కూతుళ్లే. ఒక కూతురు టారా ఆర్చిబాల్డ్ కోచ్ అయింది, ఆయనతోపాటే లబ్బక్ వచ్చింది. ఇంకో కూతురు జెరీ ఆన్. కాలేజీలో బంతీ వేసింది, బ్యాటూ పట్టింది. తర్వాత తండ్రి దగ్గరే కోచింగ్‌లో చేరింది. 2019 జనవరిలో కారు ప్రమాదంలో పోయింది. 24 ఏళ్లు. రెండు చేతులా ఆడే అమ్మాయిని పెంచిన తండ్రికి కెనడీతో ఏం మాట్లాడాలో వేరే చెప్పక్కర్లేదు. వస్తే బ్యాటింగ్ ఇస్తానన్నారు. ఆమెకు కావాల్సిన మాట అదే. కానీ ఓక్లహోమా సిటీకి ముందు మెట్టయిన సూపర్ రీజనల్ కూడా ఎన్నడూ చూడని జట్టుకి దేశపు మేటి ప్లేయర్ వస్తుందా?

డబ్బు సంగతి అక్కడ మొదలైంది. 2021 జులై దాకా అమెరికా కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద రూపాయి సంపాదించినా తప్పే. ఆ ఏడాది ఆంక్ష ఎత్తేశారు. వెంటనే పూర్వ విద్యార్థులు, అభిమానులు చందాలేసుకుని సంఘాలు పెట్టారు. ఆటగాడి పేరు, ముఖం, గుర్తింపు వాడుకుంటున్నామంటూ ఒప్పందం రాసి డబ్బిచ్చేవాళ్లు. టెక్సస్ టెక్‌లో ఆ సంఘం పేరు మాటడోర్ క్లబ్. వెనక ఉన్నది పశ్చిమ టెక్సస్ చమురు బావుల సొమ్ము. పెద్ద చెక్కులన్నీ ఫుట్‌బాల్ కుర్రాళ్లకీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లకీ వెళ్లేవి. ఈసారి ఒక దాత కుటుంబంలో ఒకప్పుడు ఇదే సాఫ్ట్‌బాల్ జట్టుకి ఆడినావిడ ఉంది. ఏడాది ఒప్పందానికి అంకె రాశారు.

10,50,024 డాలర్లు.

అప్పటి మారకంలో 8.5 కోట్ల రూపాయలకు పైనే. పది లక్షలు ఆమెకి. 50 వేలు ఉండటానికీ తినడానికీ. మిగిలిన 24? అది ఆమె జెర్సీ నంబరు. జులై ముగిసేలోపే వార్త బయటికొచ్చింది. సాఫ్ట్‌బాల్లో మిలియన్ డాలర్ల మాట అదే మొదలు. డబ్బు కోసం స్టాన్‌ఫర్డ్‌ని కాదనుకుందని కొందరు తేల్చేశారు. తేల్చడం తేలిక. డబ్బు పెద్దదే, అబద్ధమేం కాదు. కానీ బ్యాట్ సంగతి పతాక శీర్షికల్లో పట్టలేదు. అది రుజువు కావాలంటే వసంతం దాకా ఆగాలి.

2025 వసంతం. లబ్బక్ గాలికి జెండాలు చిరిగేలా కొట్టుకుంటున్నాయి. కెనడీ బంతి వేస్తోంది. ఇన్నింగ్స్ మారుతోంది. హెల్మెట్ పెట్టుకుని బ్యాట్ పట్టుకుని వస్తోంది. సీజన్ మొత్తానికి 11 హోం రన్లు. జట్టుకి చరిత్రలో మొదటి బిగ్ 12 కాన్ఫరెన్స్ టైటిల్. తర్వాత టాలహాసీ వెళ్లి ఫ్లోరిడా స్టేట్‌ని వాళ్ల సొంత మైదానంలోనే రెండు ఆటల్లో పడగొట్టారు. అలా టెక్సస్ టెక్ మొట్టమొదటిసారి డెవన్ పార్క్‌లో అడుగుపెట్టింది. ఓలే మిస్ మీద 1-0. యూసీఎల్ఏ మీద 3-1. సెమీఫైనల్లో ఎదురుగా ఓక్లహోమా. వరసగా నాలుగేళ్లు చాంపియన్లు. రెండేళ్ల కిందట కెనడీని ఇంటికి పంపిందీ వాళ్లే.

ఏడో ఇన్నింగ్స్. టెక్ ఆధిక్యం 2-0. ఒక్క ఔట్ చాలు. ఫటేల్. బంతి కంచె దాటింది. రెండు పరుగులు. 2-2. ఓక్లహోమా ఎర్ర చొక్కాల స్టాండ్లు ఊగిపోయాయి. అంతా అయిపోయినట్టే అనిపించింది. అదే ఇన్నింగ్స్ రెండో సగంలో గ్లాస్కోతోపాటు లూయిజియానా నుంచి వచ్చిన లారెన్ ఆల్‌రెడ్ బంతిని ఆకాశంలోకి లేపింది. ఫీల్డర్ పట్టింది. అయితేనేం, మూడో బేస్ మీదున్న అమ్మాయి పరిగెత్తింది. 3-2. ఓక్లహోమా శకం ముగిసింది. ఫైనల్లో మళ్లీ టెక్సస్. ఏడాది కిందట 1-0తో ఓడించిన టెక్సస్.

మూడు ఆటల ఫైనల్. జూన్ 4, మొదటి ఆట. ఆరో ఇన్నింగ్స్. టెక్ 1-0 ముందుంది. టెక్సస్ వాళ్లు రెండో బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు. బ్యాట్ పట్టుకుని రీస్ ఆట్‌వుడ్. ప్రమాదం ఎందుకని టెక్ ఆమెకు కావాలనే వాక్ ఇవ్వాలనుకుంది. నాలుగు బంతులు అందనంత దూరంగా వేస్తే ఆమె నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోతుంది. ఒకటి దూరంగా. రెండు. మూడు. నాలుగోది కాస్త దగ్గరగా వచ్చింది. ఆట్‌వుడ్ చెయ్యి చాచింది.

బంతి లెఫ్ట్ ఫీల్డ్‌లో పడింది. ఇద్దరూ వచ్చేశారు. టెక్సస్ 2, టెక్ 1. వదిలేయాల్సిన బంతితో ఆట పోయింది.

మర్నాడు కెనడీయే మళ్లీ వచ్చింది. 4-3. గెలిచింది. అప్పటిదాకా ఆ టోర్నీలో టెక్ వేసిన ప్రతి బంతీ ఆమెదే. ఇంకొకరి చెయ్యి పడలేదు. జూన్ 6, శుక్రవారం, మూడో ఆట. వరసగా మూడో రోజు. ఇక రైజ్ బాల్ లేవలేదు. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు పరుగులు. గ్లాస్కో ఆమెను పక్కన కూర్చోబెట్టారు. టెక్సస్ 10, టెక్ 4. తొలి కప్పు టెక్సస్ జట్టు సొంతూరు ఆస్టిన్‌కి వెళ్లింది.

అదే రోజు ఇంకో రెండు సంగతులు జరిగాయి. కాలిఫోర్నియాలో ఒక ఫెడరల్ జడ్జి, కాలేజీ ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో కుదిరిన ఒప్పందానికి ఆమోదం తెలిపారు. ఇక కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి కాలేజీ మొత్తానికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. 12 స్కాలర్‌షిప్‌ల పరిమితి కూడా పోయింది. రెండోది ఒక వార్త. కెనడీ ఆఖరి ఏడాది కూడా లబ్బక్‌లోనే ఆడుతుందనీ, ఒప్పందం మళ్లీ పది లక్షల డాలర్లు దాటిందనీ. కిందటేడు వారాలకు వారాలు దేశాన్ని ఊరించిన నిర్ణయం, ఈసారి సీజన్ ముగిసిన రోజే తేలిపోయింది.