పియానో ఇచ్చిన అరువు

సరళీ స్వరాల దగ్గరే విసుగెత్తి సంగీతం పాఠం ఎగ్గొట్టాలని చూసే పిల్లలు మన ఇళ్లలోనే కాదు, అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అమెరికాలోని కాపిటల్ కంపెనీ 1947లో తయారుచేసిన ‘స్పార్కీస్ మేజిక్ పియానో’ అనే గ్రామఫోను కథ అలాంటి ఒక కుర్రవాడిదే.

కాపిటల్ 1942లో పుట్టిన కంపెనీ. అందులో పిల్లల రికార్డులు చూసిన ఆలన్ లివింగ్‌స్టన్ 1946లో ‘బోజో ఎట్ ది సర్కస్’ తెచ్చాడు. రికార్డుతోపాటు బొమ్మల పుస్తకమూ ఇచ్చారు. రికార్డులో సంకేతం వినిపించగానే పిల్లలు పేజీ తిప్పాలి. చదువు ఇంకా పట్టుబడని పిల్లలకు కూడా ఆ విధంగా పుస్తకం చేతికి వచ్చింది. ఆ మరుసటి ఏడు వచ్చినవే స్పార్కీ కథలు.

స్పార్కీకి సాధన అంటే తలనొప్పి. ఒకనాడు పియానోయే నోరు విప్పింది. నువ్వు మెట్లమీద వేళ్లు ఆడించు చాలు, ఏది కోరితే అది నేను వాయిస్తానంది. ఇంకేముంది! బేతోవెన్, షోపాన్ రచనలు పిల్లవాడి చేతిలో పలికాయి. పెద్ద పెద్ద కచేరీలు జరిగాయి. చివరికి నిండు సభలో పియానో మొరాయించింది. ఎంత బతిమాలినా పలకలేదు. అంతలో తల్లి తట్టి లేపింది. అంతా కల.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, స్పార్కీ గడువు తేదీ అడగకుండా అప్పు తీసుకున్నాడు. అరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు అననే అన్నారు.

పియానో మాట్లాడటం ఎలా సాధ్యమైంది? గిల్బర్ట్ రైట్ కనిపెట్టిన సోనోవాక్స్ అనే పరికరం దానికి ఆధారం. వాయిద్యం ధ్వనిని రెండు చిన్న స్పీకర్ల ద్వారా కళాకారుడి గొంతుకు ఇరువైపులా ఆనిస్తారు. అతడు తన గొంతు కలపకుండా పెదవులూ నాలుకా మాత్రమే కదుపుతాడు. నాదం వాయిద్యానిది, మాట మనిషిది. 1941లో డిస్నీ ‘డంబో’ చిత్రంలో రైలుబండి మాట్లాడినదీ దీనితోనే.

ఆనాటి 78 వేగపు ప్లేటులో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు. కథ మంచి పట్టులో ఉండగా లేచి ప్లేటు తిప్పాలి. 1948లో ఎల్పీ వచ్చాక ఆ బెడద తగ్గింది. స్పార్కీ కథ ఎల్పీగానూ వెలువడింది.

ఒక్క విషయం గమనించాలి. మాయాపియానో వాయించినట్లు వినిపించే కష్టమైన రచనలన్నీ నిజానికి వాయించినవాడు రే టర్నర్ అనే పియానో విద్వాంసుడు. వేళ్లు ఆడిస్తే చాలునన్న ఆ మాయను పిల్లలు నమ్మేలా చేయడానికి, ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి ఒకడు కావలసి వచ్చాడు.