విజయవాడ–హైదరాబాద్ విమాన మార్గం

విజయవాడ–హైదరాబాద్ విమాన మార్గం కృష్ణా జిల్లా గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయాన్ని, శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని కలిపే దేశీయ మార్గం. ఈ రెంటి మధ్య సరళ దూరం సుమారు 264 కి.మీ., అంటే 143 నాటికల్ మైళ్లు. విమానాశ్రయాల సంకేతాలు వీజీఏ, హెచ్‌వైడీ.

గన్నవరం విమానాశ్రయం 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, విజయవాడ నగరానికి 20 కి.మీ. లోపు దూరంలో ఉంది. దీని రన్‌వే పొడవు 3,360 మీటర్లు. 2017లో దీనికి అంతర్జాతీయ హోదా లభించింది. హైదరాబాద్ వైపు రాకపోకలు 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి.

ఈ మార్గంలో ఏటీఆర్ 72 రకం టర్బోప్రాప్ విమానాలు తిరుగుతాయి. గంటకు దాదాపు 500 కి.మీ. వేగంతో లెక్కిస్తే ఈ దూరానికి 32 నిమిషాలు చాలు. రన్‌వే దాకా నేలపై కదలడం, పైకి లేవడం, వరుసలో దిగడం కలుపుకొని షెడ్యూలులో సుమారు గంట చూపుతారు. శీతకాలపు తెల్లవారుజామున గన్నవరం రన్‌వేను పొగమంచు కప్పినప్పుడు విమానాలు ఆలస్యమవుతాయి.

రెండు నగరాల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద దూరం సుమారు 275 కి.మీ.; ప్రయాణానికి అయిదు గంటల వరకు పడుతుంది.