దెర్సు ఉజాలా: రష్యన్ సినిమాలో ఒక ఆదివాసీ వేటగాడు



సినిమాలో ఆదివాసీ అనగానే ఈకలు పెట్టుకుని మంట చుట్టూ గంతులేసే గుంపునే చూపిస్తారని మనం చాలాసార్లు అనుకున్నాం. అందుకే ఈసారి 1975లో వచ్చిన ఒక రష్యన్ సినిమా గురించి రాస్తున్నాం. దాని పేరే ఒక ఆదివాసీ పేరు.

ముందు ఆ కాలం సంగతి కొంచెం. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. కానీ స్టాలిన్ ఉన్నన్నాళ్లూ సోవియట్ సినిమాకి ఊపిరాడలేదు. ఏడాదికి చాలా తక్కువ సినిమాలు తీసేవాళ్లు. వాటిలో కూడా నాయకులదీ, సేనాపతులదే పెద్దపీట. 1953లో స్టాలిన్ పోయాక మామూలు మనిషి తెర మీదికొచ్చాడు. 1957లో కలతొజోవ్ తీసిన 'కొంగలు ఎగురుతున్నాయి' యుద్ధానికి పోయినవాడి కోసం ఎదురుచూసే అమ్మాయి కథ. 1958లో కాన్స్‌లో అతి పెద్ద బహుమతి దానికే వచ్చింది. 1959లో చుఖ్రాయ్ తీసిన 'సైనికుడి గాథ'లో ఒక కుర్రాడు రెండు ట్యాంకుల్ని పేల్చేస్తాడు. పతకం బదులు సెలవివ్వండి, అమ్మ ఇంటి కప్పు బాగుచేసి వస్తా అంటాడు.

దెర్సు కూడా అలాంటి మామూలు మనిషే. సినిమా తీసింది జపాన్ దర్శకుడు అకిర కురోసావా, తీయించింది మాస్కోలోని మోస్‌ఫిల్మ్. మాటలు రష్యన్‌లో. 1976లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

ఇది నిజంగా బతికిన మనిషి కథ. వ్లాదిమిర్ ఆర్సెన్యెవ్ అనే సైనికాధికారి 1900ల మొదట్లో రష్యా తూర్పు కొసన ఉసూరి అడవుల్లో సర్వే చేసి మ్యాపులు గీశాడు. ఆయనకి దారి చూపినవాడు నానాయ్ తెగ వేటగాడు దెర్సు. భార్యాపిల్లల్ని మశూచి తీసుకుపోయింది. అడవే ఇల్లు.

సినిమాలో సైనికులు సీసాని తాడుకి కట్టి ఊపి, తుపాకీతో గురి చూస్తుంటారు. ఒక్కరికీ తగలదు. దెర్సు సీసాని కొట్టడు, తాడుని కొడతాడు. అడవిలో సీసా దొరకదు, పగలగొట్టడం దేనికి అని ఆయన లెక్క. గుడిసెలో ఒక రాత్రి ఉండి పోయేటప్పుడు బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టె వదిలిపెట్టమంటాడు, తర్వాత వచ్చే ముక్కూమొహం తెలియని మనిషి కోసం. ఖాన్కా సరస్సు దగ్గర మంచుగాలిలో చిక్కుకున్నప్పుడు గడ్డి కోసి గూడు కట్టి అధికారి ప్రాణం కాపాడతాడు. చదువు ఎవరిది, తెలివి ఎవరిది అని అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, చూస్తే మనకే అర్థమవుతుంది.

చూపు తగ్గాక పట్నానికి తీసుకుపోతారు. అక్కడ నీళ్లు డబ్బుకి అమ్ముతారు, కట్టెల కోసం చెట్టు కొడితే పోలీసులు పట్టుకుంటారు. ఉండలేక మళ్లీ అడవికి పోతాడు. అధికారి ప్రేమతో కొత్త తుపాకీ ఇచ్చి పంపుతాడు. ఆ తుపాకీ కోసమే ఎవరో చంపి ఉంటారని తర్వాత తెలుస్తుంది.

మెచ్చుకుంటూనే ఒకటి అడగాలి. కథ చెప్పేది అధికారే. దెర్సు కథంతా వచ్చీరాని రష్యన్‌లోనే మాట్లాడతాడు. ఆ పాత్ర వేసిన మక్సిమ్ ముంజుక్ గొప్ప నటుడు, కానీ ఆయనది తువా, నానాయ్ కాదు. దెర్సు సాయంతో గీసిన మ్యాపు దెర్సు కోసం గీసింది కాదు. సినిమా మొదట్లోనే, 1910లో, అధికారి సమాధిని వెతుక్కుంటూ వస్తాడు. అక్కడ చెట్లు కొట్టేసి ఊరు కడుతుంటారు. గుర్తు పెట్టుకున్న చెట్లు లేవు, సమాధి లేదు.

ఆ అధికారి పుస్తకం రాశాడు కాబట్టి దెర్సు పేరు మిగిలింది. మన కొండల్లో సర్వేవాళ్లకి దారి చూపిన తాతలు కూడా ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు ఏ మ్యాపు మీదా ఉండవు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ముసలివాళ్ల దగ్గర కూర్చుని అడగండి. పేరు, ఊరు, చేసిన పని మన భాషలోనే రాసి ఇక్కడ పెట్టండి. ఒక్క పేరైనా చాలు.

జై ఆదివాసీ.