సనత్‌నగర్ నుంచి మైత్రీవనం దాకా

ఉర్దూలో ‘సనత్’ అంటే పరిశ్రమ. అమీర్‌పేటకు చేరువలోని సనత్‌నగర్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని నెలకొల్పి, ప్రైవేటు మదుపరులు వెనుకాడే కర్మాగారాల్లో తానే వాటాలు కొన్నది. ఆ వరుసలో 1942లో వెలసిన హైదరాబాద్ ఆల్విన్ కాలక్రమేణా బస్సు బాడీలనూ ఫ్రిజ్‌లనూ తయారుచేసింది. పెట్టుబడి కొరవడిన చోట రాజ్యమే మదుపుదారుగా నిలవడం, ఆలస్యంగా పారిశ్రామికీకరణ బాట పట్టిన జపాన్ వంటి దేశాల చరిత్రలోనూ కనిపిస్తుంది.

1991 నాటి సరళీకరణ తర్వాత, ముఖ్యంగా 2000 సంవత్సరపు తేదీ చిక్కును సరిదిద్దడానికి విదేశీ సంస్థలకు ప్రోగ్రామర్లు పెద్దసంఖ్యలో కావలసివచ్చినప్పుడు, అమీర్‌పేటలో మైత్రీవనం అనే వాణిజ్య భవన సముదాయం చుట్టూ మరో రకం పరిశ్రమ పుట్టుకొచ్చింది. అర్థశాస్త్రం ‘మానవ పెట్టుబడి’ అని పిలిచేది, అంటే చదువు, శిక్షణల వల్ల మనిషిలో చేరే ఉత్పాదక శక్తి, ఇక్కడ వారాల, నెలల కోర్సులుగా అమ్ముడుపోయే సరుకైంది. ఈసారి మదుపు పెట్టినది రాజ్యం కాదు, జిల్లాల్లోని కుటుంబాలు; అప్పు తెచ్చి ఫీజు కట్టిన ఆ తల్లిదండ్రులకు ఆర్థిక చరిత్రలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు. గోడలపై పొరలు పొరలుగా అంటించిన కోర్సుల పోస్టర్లు, జెరాక్స్ దుకాణాల్లో దొంతరలుగా పేర్చిన స్పైరల్ బైండింగ్ నోట్సు, పంజాగుట్ట దాకా సందుసందునా వెలసిన హాస్టళ్లు ఈ పరిశ్రమకు యంత్రసామగ్రి అయ్యాయి.