కందిరీగ, గొంగళిపురుగు, ఒక విశ్వాసి

భ్రమరకీటన్యాయం మనకు చిన్నప్పటినుంచీ వినబడుతున్న మాటే. తుమ్మెద ఒక పురుగును తెచ్చి తన మట్టిగూటిలో పెడుతుంది. దాని చుట్టూ ఝుంకారం చేస్తూ తిరుగుతుంది. ఆ పురుగు భయంతోనో ధ్యానంతోనో తుమ్మెదనే తలచుకుంటూ చివరకు తానే తుమ్మెదై ఎగిరిపోతుంది. జీవుడు బ్రహ్మమును ధ్యానించి బ్రహ్మమే అవుతాడనడానికి పెద్దలు చెప్పిన పోలిక ఇది. పోలిక అందమైనదే. కానీ ఆ గూటిలో నిజంగా జరిగేది వేరు. గూడు కట్టేది తుమ్మెద కాదు, కందిరీగ జాతికి చెందిన ఒక కీటకం. అది పురుగును కుట్టి, ప్రాణం తీయకుండా కదలిక మాత్రం లేకుండా చేసి, గూటిలో పెట్టి, పక్కనే గుడ్డు పెట్టి, ద్వారం మూసి వెళ్ళిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. చివరకు బయటికి ఎగిరివచ్చేది మారిన పురుగు కాదు, పురుగును తిన్న పిల్ల.

మనవాళ్ళు మోక్షాన్ని చూసిన ఇటువంటి చోటనే ఛార్లెస్ డార్విన్‌కు దేవుడి మీద సందేహం కనిపించింది. 1860 మే 22న ఆయన అమెరికాలోని ఒక మిత్రునికి వ్రాసిన ఉత్తరంలో ఇక్న్యూమన్ జాతి కందిరీగల ప్రస్తావన ఉంది. ఇవి మన మట్టిగూటి కీటకం కన్నా ఒక మెట్టు పైన. వీటి పిల్లలు బతికున్న గొంగళిపురుగు శరీరం లోపలే ఉండి దానిని తింటాయి. కరుణామయుడూ సర్వశక్తిమంతుడూ అయిన దేవుడు ఇటువంటి ప్రాణిని బుద్ధిపూర్వకంగా సృష్టించాడని తాను నమ్మలేకపోతున్నానని డార్విన్ వ్రాశాడు. పిల్లి ఎలుకను చంపేముందు ఆడించడం కూడా దేవుని సంకల్పమేనా అని అడిగాడు. అలాగని ఈ అద్భుతమైన విశ్వం, ముఖ్యంగా మనిషి స్వభావం, గుడ్డి బలం వల్ల ఏర్పడిందని సరిపెట్టుకోవడానికీ ఆయనకు మనసొప్పలేదు. నియమాలు సంకల్పితాలు, వివరాలు మాత్రం, మంచివైనా చెడ్డవైనా, యాదృచ్ఛికానికి వదిలివేయబడ్డాయేమో అని ఒక మధ్యేమార్గం చెప్పి, అదీ తనకు తృప్తినివ్వడం లేదన్నాడు. ఈ విషయం మనిషి బుద్ధికి మించినదనీ, కుక్క కూర్చుని న్యూటన్ మనసును గురించి ఆలోచించడం వంటిదనీ ముగించాడు.

ఆ ఉత్తరం అందుకున్న వ్యక్తి ఆసా గ్రే. (బైబిల్లో యూదా రాజులలో ఒకరి పేరు ఇది.) 1810లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, వైద్యం చదివి, వైద్యవృత్తిని వదిలి మొక్కల వెంట పడ్డాడు. 1842 నుంచి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయన కాలంలో అమెరికాలో ఆయనను మించిన వృక్షశాస్త్రజ్ఞుడు లేడు. మతం విషయంలో ఆయనది దాపరికం లేని క్రైస్తవం. శాస్త్రంలో తనదైన పద్ధతిలో డార్విన్ పక్షమనీ, తత్త్వంలో ఆస్తికుడిననీ, మతంలో నైసీన్ విశ్వాసప్రమాణాన్ని అంగీకరించేవాడిననీ తన గురించి తానే చెప్పుకున్నాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఇమడగలవా అన్నదే ఇక్కడి ప్రశ్న.

డార్విన్, మతం అనగానే అందరికీ గుర్తుకువచ్చేది 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ హక్స్లీకీ జరిగిన వాగ్వాదం. అది రక్తి కట్టే కథే కానీ అందులో ఆలోచన తక్కువ, చప్పట్లు ఎక్కువ. అసలు చర్చ అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఓడల మీద తిరిగిన ఉత్తరాలలో జరిగింది. 1857 సెప్టెంబరు 5న డార్విన్ తన సిద్ధాంత సారాంశాన్ని, ఇంకా ప్రచురణకు రెండేళ్ళుండగానే, రహస్యంగా ఉంచమని కోరుతూ గ్రేకు వ్రాసి పంపాడు. మరుసటి ఏడు వాలెస్ స్వతంత్రంగా అదే ఊహకు వచ్చినప్పుడు, 1858 జూలై 1న లండన్ లినియన్ సొసైటీలో వాలెస్ వ్యాసంతోపాటు చదివిన పత్రాలలో ఈ ఉత్తరంలోని భాగం కూడా ఉంది. డార్విన్ ముందే ఆలోచించాడనడానికి సాక్ష్యం ఒక నిష్ఠగల క్రైస్తవునికి వ్రాసిన ఉత్తరం కావడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

మరో చమత్కారం హార్వర్డ్‌లోనే ఉంది. అక్కడ గ్రేకు ఎదురు నిలిచినవాడు లూయీ అగసీ. స్విట్జర్లాండ్‌లో ఒక పాస్టరు కుమారుడు, గొప్ప వక్త, అమెరికా ప్రజలకు ఆరాధ్యుడు. ప్రతి జాతీ సృష్టికర్త మనసులోని ఒక భావమనీ, ఏ జాతి ఎక్కడుందో అక్కడే విడిగా సృష్టించబడిందనీ ఆయన వాదం. ఈ వాదాన్ని ఆయన మనుషులకూ వర్తింపజేశాడు: తెల్లవారూ నల్లవారూ వేర్వేరుగా సృష్టించబడ్డారన్నాడు. బానిసత్వం అమలులో ఉన్న దేశంలో ఈ మాటకు ఎంత గిరాకీ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. గ్రే 1859 ఆరంభంలోనే జపాన్ మొక్కలకూ తూర్పు అమెరికా మొక్కలకూ ఉన్న పోలికలను చూపి, అవి ఒకే మూలం నుంచి వలసపోయినవనీ, మధ్యలో మంచుయుగం వాటిని విడదీసిందనీ వాదించి అగసీ సిద్ధాంతపు పునాదిని కదిలించాడు. అంటే పరిణామాన్ని దేవుని పేరుతో వ్యతిరేకించినవాడు ఆదికాండంలోని ఒకే ఆదాము, ఒకే మానవకుటుంబం అన్న మాటను వదిలేశాడు. పరిణామాన్ని అంగీకరించినవాడు మానవజాతి ఏకత్వాన్ని నిలుపుకున్నాడు. క్రైస్తవానికి ఎవరు దగ్గరో పాఠకులే తేల్చుకోవచ్చు.

డార్విన్ గ్రంథం 1859 నవంబరులో వెలువడింది. అమెరికా ప్రచురణ సక్రమంగా జరిగేటట్టు, రచయితకు పారితోషికం అందేటట్టు చూసింది గ్రే. 1860 మార్చిలో ఒక సమీక్ష వ్రాశాడు. ఆ పైన అట్లాంటిక్ మంత్లీ పత్రికలో జూలై, ఆగస్టు, అక్టోబరు సంచికలలో మూడు వ్యాసాలు వ్రాశాడు. ఈ మూడూ డార్విన్‌కు ఎంత నచ్చాయంటే, వాటిని చిన్న పుస్తకంగా వేయించి, ఖర్చులో పాలు పంచుకుని, 1861లో శాస్త్రజ్ఞులకూ మతపెద్దలకూ ప్రతులు పంపించాడు. బిషప్ విల్బర్‌ఫోర్స్‌కు కూడా. తన గ్రంథం మూడవ ముద్రణలో ఆ పుస్తకాన్ని చదవమని ప్రకటన కూడా చేర్చాడు. ప్రకృతివరణం దైవశాస్త్రానికి విరుద్ధం కాదన్నది దాని సారాంశం.

గ్రే వాదంలో రెండు అంతస్తులున్నాయి. వీటిని వేరుచేసి చూడకపోతే ఆయనకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

మొదటిది: ఒక వస్తువు ఎలా తయారైందో తెలిసినంత మాత్రాన దాని వెనుక సంకల్పం లేదని ఋజువు కాదు. బిడ్డ తల్లి గర్భంలో క్రమక్రమంగా పెరుగుతుందని తెలుసు కనుక బిడ్డను దేవుడివ్వలేదని ఏ విశ్వాసీ అనడు. జాతుల విషయంలోనూ అంతే. 1802లో విలియం పేలీ వ్రాసిన గడియారం పోలికతో పెరిగిన తరానికి ఇది కొత్త మాట. దాదాపు ఇదే మాటను ఇంగ్లండులో ఛార్లెస్ కింగ్స్లీ అనే మతాచార్యుడు 1859లోనే డార్విన్‌కు వ్రాశాడు: తమంతట తాము వికసించగల రూపాలను సృష్టించిన దేవుడు, ప్రతి జాతికీ విడిగా పూనుకోవలసిన దేవుని కన్నా తక్కువవాడేమీ కాదని.

రెండవది ప్రమాదకరమైనది. ప్రకృతివరణం ఉన్న వైవిధ్యాలలోంచి ఏరుతుంది, సరే. ఆ వైవిధ్యాలు ఎందుకు పుడుతున్నాయి? డార్విన్‌కు తెలియదు, ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. తెలియనంతవరకూ, ఆ వైవిధ్యాలు ప్రయోజనకరమైన దారులలో నడిపించబడుతున్నాయని అనుకోమని గ్రే డార్విన్‌కు సలహా ఇచ్చాడు. నీరు తన భారంతో తానే పల్లానికి పారుతుంది, నిజమే. కానీ కొన్ని కాలువలు పొలాలకు సరిగ్గా అందేటట్టు పారితే వాటిని ఎవరో మళ్ళించారని అనుకోమా? నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్న మన సామెతలో మొదటి సగంతో డార్విన్ ఆగిపోతే, రెండవ సగాన్ని గ్రే పట్టుకున్నాడనిపిస్తుంది.

డార్విన్ ఈ మాటను ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకున్నాడు. 1868 జనవరిలో పెంపుడు జంతువుల, సాగు మొక్కల వైవిధ్యాల మీద రెండు సంపుటాల గ్రంథం ప్రచురించి, దాని చిట్టచివరి పేజీలలో, గ్రే పేరు చెప్పి మరీ, సమాధానమిచ్చాడు. కొండచరియ కింద రాళ్ళు పడి ఉన్నాయి. ఒక మేస్త్రి వాటిని చెక్కకుండా, పనికివచ్చేవాటిని ఏరుకుని, చక్కని భవనం కట్టాడు. ప్రతి రాయి ఆకారానికీ ప్రకృతి నియమాలే కారణం. అయినా ఈ మేస్త్రి ఇల్లు కట్టుకోవడం కోసమే దేవుడు రాళ్ళను ఆ ఆకారాలలో విరగ్గొట్టాడని అనగలమా? పావురాలు పెంచేవాడి సరదా కోసం ఒక పావురానికి గొంతు ఉబ్బేటట్టూ, మరొకదానికి తోక విసనకర్రలా విప్పారేటట్టూ దేవుడు నిర్ణయించాడా? ఎద్దును పట్టి లాగే క్రూరవినోదం కోసం కుక్కకు అంత పట్టుగల దవడను ప్రసాదించాడా? అక్కడ కాదన్నప్పుడు అడవిలోని వైవిధ్యాలకు మాత్రం అవునని ఎలా అంటాం? ఇంతా వ్రాసి డార్విన్ విజయం ప్రకటించుకోలేదు. సర్వజ్ఞుడైన సృష్టికర్త ఉన్నాడంటే ప్రతిదీ ఆయనకు ముందే తెలిసి ఉండాలి గదా అని ఒప్పుకుని, ఇది స్వేచ్ఛకూ విధికీ మధ్య ఉన్న చిక్కు వంటిదేననీ, దానిలాగే తెగదనీ ఆపేశాడు. కాల్విన్ సంప్రదాయంలో పెరిగిన గ్రేకు ఆ చిక్కు కొత్తది కాదు.

గ్రే ఏం చేశాడు? 1868 మే నెలలో డార్విన్‌కు వ్రాస్తూ, ఆ రాతి ఇంటి వాదానికి సారాంశంలో జవాబు లేదని ఒప్పుకున్నాడు. సృష్టిలో సంకల్పం ఉందన్నది చివరకు చాలావరకు విశ్వాసం మీదే ఆధారపడుతుందన్నాడు. దాని కూర్పులో ఒక బలహీనమైన చోటు చూసుకుని చిన్న తూటా ఒకటి పేల్చి, పొగ చాటున పారిపోయానని తన సమీక్ష గురించి తానే నవ్వుకున్నాడు. ఆ సంవత్సరమే భార్యతో కలిసి డౌన్ గ్రామానికి వెళ్ళి డార్విన్ ఇంట అతిథిగా ఉన్నాడు. బహిరంగంగా పేరు పెట్టి ఖండించినవాని ఇంట!

ప్రిన్స్టన్‌లోని దైవశాస్త్ర పండితుడు ఛార్లెస్ హాడ్జ్ 1874లో డార్విన్ వాదమంటే ఏమిటి అన్న ప్రశ్నతో ఒక పుస్తకమే వ్రాసి, అది నాస్తికత్వమని తేల్చాడు. హాడ్జ్‌ను మూర్ఖుడిగా కొట్టిపారేయడం సులభం, కానీ ఆయన ఆరు దినాల లెక్క దగ్గర ఆగలేదు. భూమి వయసుతోగానీ జాతుల మార్పుతోగానీ తనకు పెద్ద పేచీ లేదనీ, సంకల్పాన్ని నిరాకరించడమే అసలు విషమనీ చెప్పాడు. గ్రే ఆస్తికుడేనని ఒప్పుకున్నాడు. కాకపోతే ఆ అర్థంలో గ్రే డార్విన్ అనుచరుడే కాదన్నాడు. మిత్రుడైన డార్విన్, ప్రత్యర్థి అయిన హాడ్జ్ ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టారన్నమాట. నా ఉద్దేశంలో ఇద్దరూ సరిగ్గానే పెట్టారు.

ఎందుకంటే తెలియని చోట దేవుణ్ణి కూర్చోబెడితే, తెలిసిన రోజున ఆయనను లేపవలసి వస్తుంది. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బాక్టీరియాల మీద ఒక ప్రయోగం చేశారు. వైరస్ దాడిని తట్టుకునే మార్పు ఆ దాడికి జవాబుగా రావడం లేదనీ, దాడికి ముందే, అవసరంతో నిమిత్తం లేకుండా, ఎక్కడో ఒక కణంలో వచ్చి ఉంటోందనీ లెక్కలతో చూపించారు. గ్రే ఊహించిన కాలువను మళ్ళించే చేయి ఆ ప్రయోగంలో కనబడలేదు. రెండవ అంతస్తు కూలిపోయింది. మొదటి అంతస్తును మాత్రం ఏ ప్రయోగమూ తాకలేదు, తాకజాలదు కూడా. అది ప్రయోగానికి అందే మాట కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో పరిణామశాస్త్రానికి స్తంభం వంటి డాబ్‌జాన్‌స్కీ కూడా విశ్వాసిగానే ఉన్నాడు, 1996లో పోప్ రెండవ జాన్ పాల్ పరిణామాన్ని ఊహ కన్నా మించినదిగా గుర్తించాడు. వాళ్ళు నిలబడింది గ్రే మొదటి అంతస్తులోనే.

మరి గొంగళిపురుగు సంగతి? వైవిధ్యాల చర్చ ఎంత తెగినా ఆ బాధ మిగిలే ఉంది. డార్విన్ 1851లో పదేళ్ళ కూతురు ఆనీని పోగొట్టుకున్నవాడు. ఆయనకిది పుస్తకాల ప్రశ్న మాత్రమే అయి ఉండదు. గ్రే జవాబు 1876లో తన వ్యాసాలను సంపుటీకరించినప్పుడు చివరి వ్యాసంలో కనిపిస్తుంది. పేలీ దేవుడు ప్రతి ప్రాణినీ స్వయంగా చెక్కినవాడు కనుక ప్రతి లోపానికీ, ప్రతి వ్యర్థానికీ ఆయనే నేరుగా బాధ్యుడు. గాలిలో కొట్టుకుపోయే కోటానుకోట్ల పుప్పొడి రేణువులకు పేలీ దగ్గర సమాధానం లేదు. డార్విన్ దగ్గర ఉంది: ఆ అధిక సంఖ్యే లేకపోతే పోటీ లేదు, పోటీ లేకపోతే వరణం లేదు, వరణం లేకపోతే ఈ పూలూ లేవు, మనమూ లేము. విజయాలతోపాటు వైఫల్యాలకు కూడా లెక్క చెప్పగల సిద్ధాంతం క్రైస్తవునికి శత్రువు కాదు, సహాయకారి అన్నాడు గ్రే.

పుప్పొడికి ఈ జవాబు చాలునేమో. ఆనీకి చాలుతుందా? నాకు చాలదనిపిస్తుంది. సృష్టి మొత్తానికి ఒక అర్థం ఉందని చెప్పడం వేరు, ఆ అర్థం కోసం ఒక్కో ప్రాణి చెల్లించే మూల్యం న్యాయమేనని చెప్పడం వేరు. గ్రే మొదటిది చెప్పగలిగాడు. రెండవదానికి పరిణామశాస్త్రమూ జవాబు చెప్పదు. యోబు కాలం నుంచీ ఉన్న ప్రశ్న అది, డార్విన్ కొత్తగా తెచ్చింది కాదు. మన భ్రమరకీటన్యాయమూ పురుగు పక్షాన నిలబడి ఎన్నడూ అడగలేదు.

1879లో ఒకరు డార్విన్‌ను సూటిగా అడిగారు: పరిణామాన్ని నమ్మేవాడు దేవుణ్ణి నమ్మగలడా అని. నమ్మగలడనడంలో సందేహమే అనవసరమని జవాబిచ్చి, ఉదాహరణగా రెండు పేర్లు వ్రాశాడు, ఒకటి కింగ్స్లీ, రెండవది ఆసా గ్రే. తన మాట వచ్చేసరికి మాత్రం, వయసు పైబడేకొద్దీ ఎక్కువగా, కానీ ఎప్పుడూ కాదు, అజ్ఞేయవాది అన్న పేరే తనకు సరిపోతుందన్నాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1877లో, ఒకే జాతి మొక్కలలో పూలు వేర్వేరు రూపాలలో ఎందుకుంటాయో వివరించే గ్రంథాన్ని ప్రచురించినప్పుడు, దానిని ఆయన అంకితమిచ్చింది గ్రేకే.