వరద నష్టాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్: కామాఠిపుర చాళ్లకు తొలి పాఠం

తెలుగునాట నుండి వలస వెళ్లిన కామాఠీ కూలీల పేరు మీదుగా ముంబైలో కామాఠిపుర వెలిసింది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురవగా, కొలాబాలో సుమారు 73 మాత్రమే నమోదైంది. కనుక స్థానిక వర్షపాతమే లెక్కకు మూలం.

ఉచితంగా లభించే క్యూజీఐఎస్‌లో నేల ఎత్తులతో పటం సిద్ధం చేసుకోవాలి. హెచ్‌ఈసీ-రాస్‌తో నీటి లోతును, హెచ్‌ఈసీ-ఎఫ్‌ఐఏతో నష్టాన్ని గణించవచ్చు. అయితే కట్టడం విలువను మాత్రమే నమోదు చేస్తే, కింది గదిలో అద్దెకుండే కుటుంబపు బియ్యం, కుట్టుమిషను లెక్కలోకి రావు.

2020లో ప్రారంభమైన ఐఫ్లోస్-ముంబై వార్డులవారీ ముందస్తు అంచనాలకై రూపొందింది. గదులవారీ వివరాలను మాత్రం చాళ్లవాసులే సేకరించుకోవాలి.